గుడి బయట విడిచిన బూట్లు

టిబిలిసి,
మంగళవారం.

అమ్మకి,

భాను దండాలు. నా ఒంట్లో బాగానే ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే ఉత్తరం చూడగానే నువ్వు కంగారు పడిపోతావు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నాన్న మాత్రలు వేళకి వేసుకుంటున్నాడా? తమ్ముడు పొద్దున్నే లేచి గుడి ముందు కొట్టు తీస్తున్నాడా, లేక అదీ నీ నెత్తినే పడిందా? మామ్మ నన్ను తలుచుకుంటోందా?

ఫోన్లుండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటున్నావు కదూ. మా సీనియర్ ఒకతను విశాఖ వస్తున్నాడు, అతని చేతికిచ్చి పంపుతున్నాను. ఫోన్‌లో చెప్పలేని సంగతి ఇది. తమ్ముడి చేత చదివించుకోకు. కళ్ళజోడు పెట్టుకుని నువ్వే చదువు.

పోయినసారి నువ్వు అడిగావు చూడు. "ఏటే బానూ, గొంతు అలగైపోనాదేటి? పరాయోల్తో మాటాడినట్టు మాటాడతన్నావు. జొరమొచ్చిందేటి?" అని. నెట్‌వర్క్ బాగాలేదమ్మా అన్నాను. నెట్‌వర్క్ బ్రహ్మాండంగా ఉంది. బాగాలేనిదల్లా నేనే.

గదిలో నాతో ఉన్నవాళ్ళు ఇద్దరూ తెలుగువాళ్ళే. సింధుది విజయవాడ, హారికది హైదరాబాదు. దేశంకాని దేశంలో మనవాళ్ళు దొరికారని నువ్వెంత సంబరపడ్డావో! వచ్చిన కొత్తలో నేను నోరు విప్పితే చాలు, ఇద్దరూ పడీపడీ నవ్వేవారు. 'ఏటి', 'వస్తాది' అంటూ నన్నే ఆటపట్టించేవారు. మొదట్లో నేనూ నవ్వాను. ఒకరోజు నీతో మాట్లాడి ఫోన్ పెట్టగానే హారిక అచ్చం నీ గొంతు పెట్టి వెక్కిరించింది. అప్పుడు ఒళ్ళు మండిపోయింది. చెడ్డపిల్లలు కారు సుమా. నాకు జ్వరం వస్తే సింధు జావ కాచి తాగించింది. అయినా ఆ రోజు నుంచి నా నోరు మూతపడిపోయింది. ఇక్కడివాళ్ళ భాష నాకు రాదు, నా భాష మాట్లాడితే నవ్వుతారు. బాత్‌రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో నాలో నేను మాట్లాడుకుంటున్నానంటే నమ్ముతావా? పిచ్చిదాన్నైపోతానేమోనని భయమేసింది. ఈ పరీక్షలయ్యాక వచ్చేసి, ఇక తిరిగి వెళ్ళనని నాన్నతో చెప్పేద్దామనుకున్నాను.

అలా ఉండగా మొన్న శనివారం ముగ్గురం పక్కనే ఉన్న, ఈ దేశపు పాత రాజధాని చూడ్డానికి వెళ్ళాం. దాని పేరు మ్‌త్స్‌ఖేతా. నా మాటకి అంతలా నవ్వే ఇద్దరికీ ఆ పేరు ఎంతకీ నోరు తిరగలేదు! నాకు లోపల్లోపల కాస్త హాయిగా అనిపించిన మాట నిజం. మన సర్వీసు ఆటోలాగే ఇక్కడ చిన్న వ్యాను ఉంటుంది, మనుషులు నిండితే గానీ కదలదు. అరగంటలో దిగాం. రెండు నదులు ఒకచోట కలుస్తాయి, ఒకటి పచ్చగా, ఒకటి మట్టిరంగులో. ఊరంతా రాళ్ళు పరిచిన సందులు, చుట్టూ కొండలు. చలి ఎముకలు కొరికేస్తోంది. వాళ్ళిద్దరూ ముందు నడుస్తుంటే నేను వెనక నడుస్తూ ఫొటోలు తీశాను. ఫోన్ నిండా వాళ్ళే, నేను ఒక్కదానిలోనూ లేను.

ఊరి నడుమ వెయ్యేళ్ళనాటి చర్చి ఉంది. రాతి గోడల మీద చెక్కిన లతలూ జంతువులూ చూస్తే మన శ్రీముఖలింగం గుడి గుర్తొచ్చింది. ఆడవాళ్ళు తల మీద గుడ్డ కప్పుకోవాలి అంటే చున్నీ కప్పుకున్నాను. లోపల బల్లలుండవు, అందరూ నిలబడే దండం పెట్టుకుంటారు. సన్నటి మైనపు వత్తులు వెలుగుతున్నాయి. అరికాళ్ళు జివ్వుమంటుంటే అప్పుడు చూసుకున్నాను, నా కాళ్ళకి ఉత్త మేజోళ్ళే ఉన్నాయి. గడప చూడగానే అలవాటు కొద్దీ బూట్లు బయటే విడిచేశానమ్మా! ఇక్కడ ఎవరూ విప్పరు. సింధు చూసిందంటే ఇక వారం రోజులు ఇదే కథ అని, వాళ్ళు పక్కనున్న కొట్లవైపు వెళ్ళేదాకా ఆగి బయటికి వచ్చాను.

బూట్లు లేవు. పైనుంచి వానా మంచూ కలిసి పడుతున్నాయి. మెట్లన్నీ వెతికాను, గోడవార వెతికాను. మేజోళ్ళు తడిసి ముద్దయిపోయాయి. పుట్టిన దగ్గర నుంచి జనం చెప్పులు కాపలా కాసిన కొట్టు పిల్లని, నా బూట్లు నేను పోగొట్టుకున్నాను! ఏడుపు తన్నుకొచ్చింది. అన్నాళ్ళూ బిగబట్టిన గొంతు ఒక్కసారిగా కట్టు తెంచుకుంది.

"ఓలమ్మో! నా బూట్లు ఎవులట్టుకెల్లిపోనారు! ఇప్పుడెలగెల్తాను!"

ఆ అరుపుకి లోపల వత్తులమ్మే ముసలావిడ పరుగున వచ్చింది. తలకి నల్ల గుడ్డ కట్టుకుంది, మనిషి పొట్టి, గొంతు మాత్రం గట్టిది. నా రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయి తన బల్ల వెనక స్టూలు మీద కూలేసింది. అక్కడ చిన్న హీటరు పక్కన నా బూట్లు, రెండూ జతగా, లోపల పాత పేపర్లు కుక్కి పెట్టి ఉన్నాయి. వాన మొదలవగానే తెచ్చి పెట్టిందన్నమాట. ఎవరివో తెలియదు, ఎవరూ చెప్పలేదు.

చినుకు పడితే నువ్వు కొబ్బరికాయల బేరం వదిలేసి, ఎవరెవరివో చెప్పులన్నీ టార్పాలిన్ కిందకి చేరుస్తావే. "పాపం, దరిసినం సేసుకొచ్చి తడి సెప్పుల్తో ఎలగెల్తారే!" అని నన్ను గదమాయిస్తావే. ఆ చెప్పులు మోసే పని నాకు ఎంత నామోషీగా ఉండేదో. ఆ బూట్లు చూడగానే నువ్వే ముందుకొచ్చి నిలబడ్డట్టయింది.

ఆ తర్వాత మొదలుపెట్టింది చూడు తిట్లు! నా కాళ్ళు చూపిస్తుంది, ఆకాశం చూపిస్తుంది, తన నుదురు కొట్టుకుంటుంది. ఒక్క ముక్క అర్థం కాలేదు, మొత్తం అర్థమైంది. నేనూ ఊరుకోలేదు.

"గుడిలోకి బూట్లెట్టుకొని ఎలగొస్తానమ్మా? మా అరసవిల్లిలో ఐతే మా యమ్మ నడ్డి ఇరగ్గొడతాది, ఎరికేనా?"

ఆవిడ ఇంకా గట్టిగా ఏదో అంది. నేను ఇంకా గట్టిగా అన్నాను. అలా ఆవిడ ఆవిడ భాషలో, నేను మన భాషలో, కళ్ళంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, కడుపు నిండా మాట్లాడాను. తిడుతూనే నా తడి మేజోళ్ళు లాగేసి పిండింది. సంచీలోంచి తను అల్లుకుంటున్న ఉన్ని మేజోళ్ళు తీసింది. ఒకటి పూర్తయింది, రెండోదానికి వేళ్ళ దగ్గర ఇంకా కాలేదు. అల్లిక ఊచలు లాగేసి, ఉన్నిదారం ముడేసి, రెండూ నా కాళ్ళకి తొడిగింది. వద్దంటే నెత్తిన మొట్టింది. నేను చాలా సేపు ఆ మొట్టిన చోట చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

తలెత్తేసరికి గుమ్మంలో వాళ్ళిద్దరూ ఉన్నారు. తిరుగు ప్రయాణంలో హారిక 'ఎలగెల్తాను' అని నా గొంతు పెట్టింది, సింధు నవ్వింది. నేను కిటికీవైపు తిరిగిపోయాను. కాబట్టి అంతా సర్దుకుందని అనుకోకు. నిన్నంతా మళ్ళీ మాటా పలుకూ లేదు. ఎడమ కాలి బొటనవేలు మేజోడులోంచి బయటికొస్తోంది, దాన్ని చూస్తూ కూర్చున్నాను.

ఒక్కటి మాత్రం తెలిసింది. నేను విమానమెక్కిన దగ్గర నుంచి నువ్వు నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు. దూరాన ఉంది, నొచ్చుకుంటుంది అని "తిన్నావా తల్లీ, పడుకున్నావా తల్లీ" అంటున్నావు. అంత మెత్తగా ఎవరు పిలిచినా, ఆ పిలిచేది నన్ను కాదేమో అనిపిస్తోంది.

ఎవరైనా ఇటు వస్తుంటే జావ కాచుకోడానికి చోడిపిండి, గుడి కుంకం పొట్లం పంపు. నాన్నకీ మామ్మకీ నా దండాలు, తమ్ముణ్ణి అడిగానని చెప్పు. చదువు మానేస్తానన్న మాట నాన్న చెవిన వెయ్యకు, ముందు మనిద్దరం ఒక పని చేద్దాం.

ఆదివారం గుడి రద్దీలో నీకు తీరదు. సోమవారం, కొట్టు ముందు కూర్చునే ఫోన్ చెయ్యి. వానలో బూట్లు బయట పారేసి, చలిలో ఉత్త కాళ్ళతో తిరిగినందుకు నన్ను తిట్టు. తల్లీ గిల్లీ అనకు. వీధి చివరికి వినబడేటట్టు, మన మాటలో, నోరారా తిట్టు.

గదిలో వాళ్ళిద్దరూ ఉండగానే నేను ఫోన్ స్పీకర్‌లో పెడతాను.

నీ దీవెన కోసం చూస్తూ,
నీ కూతురు
భాను