పదిహేడో గడి

నేను, పబ్బ రామలింగం, కీర్తిశేషులు పబ్బ విశ్వనాథం గారి పెద్ద కుమారుణ్ణి, వయస్సు అరవై రెండేళ్లు, వలస కూలీల వ్యవహారాల్లో ప్రభుత్వానికి ఆర్థిక సలహాలిచ్చి రిటైరైనవాణ్ణి, హైదరాబాదు గౌలిపుర నివాసిని, నా చేతులతో రాసుకుంటున్న వీలునామా ఇది. చూపు తగ్గింది. కాలేయం చెడిందని, ఏడాది గడవడం కష్టమని డాక్టరు చెప్పాడు. బుద్ధి మాత్రం తిన్నగానే ఉంది. ఎవరి ఒత్తిడీ నా మీద లేదు. ఒత్తిడి పెట్టేంత ఆస్తి కూడా లేదు. 1974లో రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అది నా భార్య సావిత్రి నా తర్వాత బతుకుతుందన్న నమ్మకంతో రాసింది. సావిత్రి 1979లో పోయింది. మాకు పిల్లలు లేరు.

ఆస్తి పంచడం ఈ కాగితానికి ఒక సాకు మాత్రమే. మా ఇంటికి పాలు పోసే ఆగమ్మకు నేను ఐదేళ్లుగా చెప్పకుండా దాచిన మాట ఒకటుంది. నోటితో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. నేను పోయాక దీన్ని ఆమెకు చదివి వినిపించాలి.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత నా తమ్ముడి కూతురు కళావతిది. ఆమె కాలేజీలో ఆర్థికశాస్త్రం చెబుతుంది. మా వంశంలో లెక్కల పట్టిక చేతికిస్తే అడుగున చిన్నక్షరాల్లో ఉన్న గమనికను ముందు చదివేది ఆమె ఒక్కతే. నా అంత్యక్రియలు తక్కువలో కానివ్వాలి. 1981లో నాకు కప్పిన జరీ శాలువా బీరువాలో ఉంది. దాన్ని నా శవం మీద కప్పకూడదు. ఎందుకో ఆరో నిబంధనలో ఉంది. ఎవరికైనా చలికి పనికొస్తే ఇచ్చేయండి.

2. నా తమ్ముడు బాలకిషన్‌కు. 1957లో మేము పంచుకున్నప్పుడు మిర్చి, బెల్లం దుకాణం అతనికి, దాని వెనక ఇల్లు నాకు వచ్చాయి. మోసపోయానని అతను ఇరవై తొమ్మిదేళ్లుగా చెప్పుకుంటున్నాడు. నేనూ అదే చెప్పుకుంటున్నాను కాబట్టి పంపకం న్యాయంగానే జరిగి ఉండాలి. 1971లో బెల్లం బుట్టలు పేర్చుకోవడానికి చోటు చాలక నా చదువుగది కిటికీని ఇటుకలు పెట్టి మూసేశాడు. అప్పటినుంచి పట్టపగలు దీపం వేసుకుని చదువుకున్నాను. ఆ గదిని, మూసిన కిటికీతో సహా, అతనికే దఖలు పరుస్తున్నాను. 'మా అన్నకు లోకంల కూలోళ్లందరి లెక్క ఎరుకే, ఇంట్ల ఉప్పు ధర తెల్వది' అని దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఉప్పు ధర నాకు తెలుసు.

3. కళావతికి నా పుస్తకాలన్నీ, ఇంటి నడిమి హాలు, వంటగది. పుస్తకాలతోపాటు 1969లో నేను రాసిన పాలమూరు కూలీల నివేదిక రాతప్రతి కూడా. ఆనకట్టలు కట్టే చోట ఆ కూలీల గుడిసెల మధ్య నాలుగు నెలలున్నాను. రెండు వందల పన్నెండు మంది పేర్లు, ఊళ్లు, ఇంటి దగ్గర వాళ్లకోసం ఎదురుచూసేవాళ్ల పేర్లు కూడా అడిగి రాసుకున్నాను. మేస్త్రీలు ముందుగా బయానా ఇచ్చి మనుషుల్ని ఎలా కట్టిపడేస్తారో అందులో ఉంది. పై అధికారి దాన్ని తూకం వేసినట్టు చేత్తో ఎత్తి చూసి, ఇంత లావు ఉంటే ఎవరు చదువుతారయ్యా అన్నాడు. ఎవరూ చదవలేదు. ఆ రోజునుంచి నాకు కురచగా రాయాలనే పిచ్చి పట్టింది. నా బతుకులో మంచి పని అదొక్కటే, కళావతీ. నువ్వైనా చదువు.

4. బాలకిషన్ భార్య విజయలక్ష్మికి సావిత్రి గద్వాల చీరలు రెండు, వెండి కుంకుమ భరిణె. సావిత్రి ఆఖరి మూడు నెలలు నోటికి అన్నం అందించింది ఆమే. మొగుడికి తెలియకుండా వచ్చేది, తెలిసినా వచ్చేది. ఈ మాట ఆమెతో ముఖాముఖి ఎప్పుడూ అనలేదు. అనాల్సింది.

5. మా ఆఫీసులో ముప్పై ఏళ్లు అటెండరుగా చేసి రిటైరైన నర్సింహకు నా సైకిలు, గోడ గడియారం, మంచి చెప్పుల జత. గడియారం రోజుకు పది నిమిషాలు వెనకబడుతుంది. ఆఫీసుకు అతనూ అలాగే వచ్చేవాడు, అయినా నాకు చాయ్ వేళ తప్పించలేదు.

6. ఆగమ్మకు వాకిలివైపు రెండు గదులు, గేదెల కొట్టం ఉన్న పెరడు, సర్వహక్కులతో.

ఆగమ్మ మా ఇంటికి పాతికేళ్లుగా పాలు పోస్తోంది. భర్త పోయాక రెండు గేదెల మీదే కొడుకు మల్లన్నను పెంచింది. వాడు సెంట్రింగు పని నేర్చాడు. 1978లో గల్ఫుకు పంపుతానని ఏజెంటు ఒకడు తగులుకుంటే, ఆగమ్మ నన్ను అడగడానికి వచ్చింది. 'నాకేం ఎరుక బాపూ. నువ్వు పొమ్మంటే పోతడు, వద్దంటే ఇంట్లనే ఉంటడు' అంది. కూలి రేట్లు చూశాను. ఇక్కడి మూడేళ్ల సంపాదన అక్కడ ఏడు నెలల్లో వస్తుందని తేల్చి, పొమ్మన్నాను. వాడి నమోదు ఫారం నేనే నింపాను. ఆ ఫారం తయారుచేసిందీ నేనే.

దాని సంగతి చెప్పాలి. అంతకు రెండేళ్ల ముందు గల్ఫుకు వెళ్లే కూలీల నమోదు పని మాకు వచ్చింది. అప్పటి ఫారంలో రెండు కాగితాలు, ఇరవై ఆరు గడులు ఉండేవి. చదువు రానివాళ్లు వరండాలో రాసిపెట్టేవాళ్ల చుట్టూ మూగేవారు. మనిషికి ముప్పావు గంట పట్టేది. దాన్ని కుదించమని నాకు అప్పగించారు. పదిహేడో గడిలో ఇలా ఉండేది: 'ప్రమాదం జరిగితే ఎవరికి కబురు చేయాలి? పేరు, వరస, ఇంటి జాడ.' పాస్‌పోర్టులో చిరునామా ఎలాగూ ఉంటుంది, రెండోసారి రాయడం దండగ అని దాన్ని కొట్టేశాను. 'నెలకు ఇంటికి ఎంత పంపగలరు?' అన్న గడిని మాత్రం ఉంచాను. విదేశీ మారకం అంచనాకు అది కావాలి. ఫారం ఒక్క కాగితానికి, పద్నాలుగు గడులకు దిగింది. మనిషికి పన్నెండు నిమిషాలు. అందరూ మెచ్చుకున్నారు. నన్ను నేనూ మెచ్చుకున్నాను.

1981 మార్చిలో గల్ఫు నుంచి మా ఆఫీసుకు ఒక జాబితా వచ్చింది. అక్కడ రేవు కట్టే చోట జనవరిలో పరంజా విరిగిపడి చనిపోయిన ఐదుగురి పేర్లు. నాలుగో పేరు: 'మల్లన్న, ఇరవై నాలుగేళ్లు, హైదరాబాదు, సెంట్రింగు. ఎడమ కనుబొమ మీద గాటు.' పాస్‌పోర్టులు కంపెనీ దగ్గర ఉండేవి, అవి కనిపించడం లేదని రాశారు. శవాలను అక్కడే పూడ్చిపెట్టారు. మా రిజిస్టరులో హైదరాబాదు మల్లన్నలు పదకొండు మంది ఉన్నారు. వాళ్లలో ఎవరి ఇల్లు ఎక్కడో చెప్పే గడి నా కాగితం మీద లేదు. గుమస్తాలు రెండు రోజులు వెతికి చేతులెత్తేశారు. నాకు వెతకాల్సిన పని లేకపోయింది. ఆ గాటు గేదె కొమ్ము తగిలి పడింది. కుట్లు వేయించడానికి వాణ్ణి రిక్షాలో దవాఖానాకు తీసుకెళ్లింది సావిత్రి.

ఆ మరుసటి వారమే నా ఫారాన్ని మిగతా రాష్ట్రాలకు నమూనాగా తీసుకుందామని కేంద్రప్రభుత్వ సంఘం ఒకటి రాబోతోంది. ఈ మల్లన్న నాకు తెలుసంటే, మిగతా నలుగురి ఇళ్లు ఎందుకు తెలియలేదని అడుగుతారు, కొట్టేసిన గడి బయటపడుతుంది. సంఘం వెళ్లాక చెబుదామనుకున్నాను. ఫైలు మీద 'వారసుల జాడ లేదు, మూసివేయవచ్చు' అని రాసి సంతకం పెట్టాను. సంఘం వచ్చింది, శాలువా కప్పింది, వెళ్లింది. నేను చెప్పలేదు. ఏడాదిలోగా వారసులు అడిగి ఉంటే కంపెనీ పరిహారం ఇచ్చేది. ఆ ఏడాదీ దాటిపోయింది. ఆ తర్వాత చెప్పాలంటే ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదో కూడా చెప్పుకోవాలి. అది నా వల్ల కాలేదు.

ఈ తప్పు ఏ శాఖదీ కాదు. గడి కొట్టేసింది నేను, ఫైలు మూసింది నేను. అందుకు ఈ రెండు గదులు. సరిపోవని నాకు తెలుసు.

7. ఆగమ్మకు చదువు రాదు. ఇంచుమించు నెలకోసారి ఎయిర్‌మెయిల్ కాగితం కొనుక్కుని వచ్చి, గడప దగ్గర కూర్చుని చెబితే నేను రాసేవాణ్ణి. మల్లన్న పోయాడని తెలిశాక కూడా రాశాను. మొదటి మూడూ పోస్టులో వేస్తే తిరిగొచ్చాయి. ఆమెకు చెప్పలేదు. కంపెనీ మారి ఉంటాడులే అన్నాను. మిగతావి వేయనే లేదు. మొత్తం అరవై ఒకటి, బీరువా కింది అరలో ఉన్నాయి. అవి ఆగమ్మవి, ఆమెకే చెందాలి.

'కొడుకా, పెద్ద బర్రె ఈనింది, పెయ్యదుడ్డె. నా ఫికరు చెయ్యకు. మంచిగ తిను. పైసలు పంపకున్నా మానె, ఒక్క ముక్క రాయి' అని ఒకదానిలో ఉంది. ఇంకొకదానిలో, 'నువ్వు గాడ ఎవరినో చేసుకున్నవంటున్నరు. చేసుకుంటే చేసుకున్నవ్ గని, పిల్లను ఒక్కసారి చూపియ్యి' అని ఉంది. నేను ఒక్క అక్షరం పొల్లు పోకుండా రాశాను. రాసి, చదివి వినిపించాను కూడా. ఆమె తల ఊపి, కొంగుతో కాగితం తుడిచి నా చేతికే ఇచ్చేది.

ఇక్కడిదాకా నవంబరు తొమ్మిదో తేదీకి రాశాను. ఇక ముందుది తర్వాత రాసింది.

8. సాక్షి సంతకానికి నర్సింహను పిలిపించాను. 'ముప్పై ఏండ్లు సదవకుంట ఫైళ్లు మోసిన సారూ, గిది మాత్రం సదివే పెడ్త' అని కూర్చుని, వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు. గంటన్నర పట్టింది. ఆరూ ఏడూ నిబంధనలు రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి, 'నువ్వు సచ్చినంక చెప్తే గామె ఎవర్ని తిట్టాలె సారూ?' అన్నాడు. సంతకం పెట్టకుండానే వెళ్లిపోయాడు. నాకు కోపం వచ్చింది. ఆ కోపం రోజంతా ఉంది, సాయంత్రానికి అది నర్సింహ మీద కాదని తెలిసింది.

నవంబరు పదకొండున పొద్దున ఆగమ్మ పాలు తెచ్చినప్పుడు చెప్పాను. గడపలో నిలబెట్టే చెప్పాను, కూర్చోమనడం కూడా తోచలేదు. ఆమె ఏడవలేదు. ఏ నెల అని అడిగింది. జనవరి అన్నాను. ఏ ఏడు అని అడిగింది. చెప్పాను. వేళ్లు ముడుస్తూ నెలలు లెక్కపెట్టింది. తర్వాత, 'గట్లయితే నేను చెప్పిన ఉత్తరాలన్ని ఎవరికి రాసినవ్ బాపూ?' అని అడిగింది. చెంబులో పాలు పోసేసి, రోజూ పోసేదానికంటే తక్కువా కాకుండా ఎక్కువా కాకుండా పోసేసి, వెళ్లిపోయింది.

ఆరు రోజులు రాలేదు. ఆ ఆరు రోజులూ నేను బయటకు వెళ్లలేదు. ఏడో రోజు వచ్చింది, పాలు తేలేదు. రెండు గదుల సంగతి చెప్పాను. 'నీ ఇంట్ల నేనుండ. నాకొద్దు' అంది. మరేం కావాలని అడిగాను. అడగడం సిగ్గుచేటే, అయినా అడిగాను. 'నా కొడుకు పేరు పక్కన నా పేరు ఎన్నడన్న రాసినవా? ఒక్క సర్కారు కాయితం మీద రాయి. గంతే' అంది.

ఆఫీసుకు వెళ్లాను. నేను మూసిన ఫైలును తెరిచే అధికారం ఇప్పుడు నాకు లేదు. నా తర్వాత నా కుర్చీలోకి వచ్చిన మనిషి మర్యాదగానే చాయ్ ఇచ్చాడు. నా సంతకమే నాకు చూపించాడు. ఇక సర్కారు ముద్ర పడే కాగితం నా చేతిలో మిగిలింది ఈ వీలునామా ఒక్కటే. దీన్ని రిజిస్టరు చేయిస్తాను. సాక్షుల వరసలో నీ పేరు రాస్తానని ఆమెకు చెప్పాను. సాక్షిగా ఉన్నవాళ్లకు ఆస్తి రాస్తే చిక్కులొస్తాయి, రాయకూడదని వకీలు అన్నాడు. ఆ సంగతి విడమరిచి చెప్పి, వేలిముద్ర వేస్తే గదులు నీకు రావన్నాను. 'గందుకే ఏస్త' అంది.

క్షమించానని ఆమె అనలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు పాలు వేరేవాళ్లు పోస్తున్నారు.

9. కాబట్టి ఆరో నిబంధనలో ఆగమ్మకు రాసిన గదులను, పెరడును ఇందుమూలంగా వెనక్కి తీసుకుంటున్నాను. ఆ నిబంధనలో మిగిలిన ప్రతి మాటా అలాగే ఉండాలి, ఎవరూ కొట్టేయకూడదు. ఆ గదులు ఎవరికివ్వాలో నాకు తోచలేదు. చట్టం ఎవరికిస్తే వారికి పోతాయి. బాలకిషన్‌కే పోతాయని వకీలు అంటున్నాడు. అక్కడా బెల్లం బుట్టలే పేరుస్తాడు. పేర్చనివ్వండి. ఏడో నిబంధనలోని ఉత్తరాల కట్టను ఆగమ్మ ఈ రోజే తీసుకుంది. ఆగమ్మకు చెప్పానని తెలిసి సంతకానికి తిరిగొచ్చిన నర్సింహకు కూడా ఐదో నిబంధనలోని సైకిలు, గడియారం, చెప్పులు ఈ రోజే చేతికిచ్చేశాను, అవేవీ ఇక నా ఆస్తిలో లేవు.

పై తొమ్మిది నిబంధనలూ నేను రాసి, చదువుకుని, సాక్షుల ఎదుట సమ్మతించి సంతకం చేస్తున్నాను. ఈ కాగితం పూర్తిగా చదివి వినిపించాక, తన వివరం ఎలా రాయాలో రెండో సాక్షే చెప్పింది.

హైదరాబాదు, 1986 నవంబరు 21, శుక్రవారం.

(సంతకం) పబ్బ రామలింగం

సాక్షులు:

1. (సంతకం) నర్సింహ, తండ్రి అంజన్న, రిటైరైన అటెండరు, యాకుత్‌పురా.

2. (ఎడమచేతి బొటనవేలి ముద్ర) ఆగమ్మ, మల్లన్న తల్లి, గౌలిపుర.