నోటికి సిక్కం

ఏప్రిల్ 24
సముద్రంలో సేపల ఏట నిషేధం. పడవ ఇసకలో ఉన్నాది, నేనూ ఇసకలోనే ఉన్నాను. అల్లుడు ఎర్రన్న నలుగురి ముందు అనీసాడు, గురక రోగం తగ్గితేగానీ నిషేధం ఎత్తీసే జూన్ పదిహేన్న సుక్కాని ముట్టుకోవద్దని. మొన్న నిషేధానికి ముందు పట్టపగలు సుక్కాని దగ్గర నిద్దరోయానంట, పక్క పడవ జగన్నాధం వల మన ఇంజను ఫేనుకి సుట్టుకుని ముక్కలయ్యిందంట. ఎండకి కళ్ళు మూసుకున్నాను, అంతే. ఆడు పుట్టకముందు నుంచి పడవ తోల్తన్నాను నేను.

ఏప్రిల్ 29
నా పెళ్ళాం లక్ష్మణమ్మ కూడా ఆడి పక్కే. గురక మజ్జిలో నా ఊపిరి ఆగిపోతాదంట, మోచేత్తో పొడిస్తేగానీ రాదంట. ముసల్దానికి మతి పోయింది.

మే 6
శ్రీకాకుళం ఆసుపత్రి. ఒళ్ళంతా వైర్లంటించి పడుకోబెట్టారు. ఊపిరి ఆగడం నిజమేనంట, అందుకే పగలు తూగుతన్నానంట. ముక్కుకి గొట్టం మిషను పెట్టుకోమన్నాడు డాక్టరు. పడవలో కరెంటు మీ తాత ఇస్తాడా అన్నాను. అయితే పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళమన్నాడు. గురకకీ పళ్ళకీ ఏటి సంబంధం? నా పన్ను ఒక్కటీ ఊడలేదు.

మే 9
నరసన్నపేట. పళ్ళ డాక్టరమ్మ పేరు ఝాన్సీ, నా మనవరాలంత ఉంటాది. పడుకుంటే నాలుక ఎనక్కి జారి గొంతు మూస్తాదంట. కింద దవడని ముందుకి లాగి పట్టే క్లిప్పు పెడితే ఊపిరికి దారుంటాదంట. పళ్ళు గట్టివి కాబట్టి క్లిప్పు నిలుస్తాదంది. ఆ సంగతి నాకు తెలుసు. తరవాత కొలతకని గులాబీరంగు ముద్ద నోట్లో కుక్కీసింది. సొంగ మెడ దాకా కారింది. కక్కొచ్చింది. ఛీ.
అంగిట్లో లైటేసి ఫోటో తీసి సూపించింది. నోరా అది? ఒడ్డున పడీసిన పాత పడవ అడుగు. తెల్ల మచ్చలు, నల్ల సుక్కలు. అడ్డపొగ మానీమంది. నిప్పు కొస నోటి లోపలకి పెట్టుకోకపోతే సముద్రం గాలికి సుట్ట నిలుస్తాదా? ఆ పిల్ల సముద్రం మీదకి ఎప్పుడొచ్చింది? సరే సరే అనీసి వచ్చీసాను.

మే 20
క్లిప్పు ఇచ్చింది. నూర్పుల్లో ఎద్దు మూతికి సిక్కం కడతారే, అలగున్నాది. మాట కంటే ముందు సొంగొస్తాది.

మే 21
గురక లేదంట. సప్పుడు లేదని భయపడి ముసల్ది నా ముక్కు కింద సెయ్యెట్టి సూసిందంట.

మే 28
దవడకి అలవాటవుతాదని పగలు కూడా క్లిప్పు పెట్టుకుని వల కుడతన్నాను. సెయ్యి దానంతటదే సుట్ట ఎలిగించి నిప్పు కొస నోట్లో పెట్టీసింది. క్లిప్పు కరిగి పళ్ళకి అంటుకుపోయింది. నాలుక కాలింది. నోటినిండా ప్లాస్టిక్కు కంపు. ఎర్రన్న నవ్వి నవ్వి ఇసకలో దొర్లాడు. లక్ష్మణమ్మ నవ్వలేదు.

మే 29
డాక్టరమ్మ గీకి గీకి తీసింది. తిడతాదనుకున్నాను.
"క్లిప్పు ఇంకోటి సేస్తాను తాతా. నోరు ఇంకోటి సెయ్యలేను."
అంగిట్లో ముక్క కోసి టెస్టుకి పంపుతానంది. కోయనిచ్చాను.

జూన్ 12
కొత్త క్లిప్పు. కోసిన ముక్కలో పెద్ద రోగం ఇంకా లేదంట. ఆ 'ఇంకా' అన్న మాట రెండోసారి కూడా అంది. లక్ష్మణమ్మ సుట్టల కట్ట పొయ్యిలో ఎట్టీసింది. ఆ పొగ పీలుస్తూ కూకున్నాను.

జూన్ 14
క్లిప్పు కూడా పడవెక్కుతాదా మావా అని అడిగాడు ఎర్రన్న. అది ఎక్కకపోతే నన్నెక్కనివ్వవు కదరా అన్నాను.

జూన్ 16
సుక్కాని నా సేతిలోనే. పొద్దెక్కింది. ఎర్రన్న వలల మీద పడుకున్నాడు. గురక, పందిలాగ. ఉన్నట్టుండి ఆగింది. నేనూ ఊపిరి బిగబట్టీసాను. తెడ్డుతో పొడిసాను. మళ్ళీ మొదలయ్యింది.
లక్ష్మణమ్మకి సెప్పను.