సన్ ఎక్స్‌పైర్డ్

జుబైల్, ఫిబ్రవరి 1991

ప్రియమైన కొడుకు గంగారాంకు,

ఈ అరబ్బు దేశంలో లడాయి నడుస్తోంది, సైరన్ మోగినప్పుడల్లా గ్యాస్ మాస్కులు తగిలించుకొని క్యాంపులో ఓ మూలకు నక్కుతున్నాం. దానికన్నా పెద్ద బాంబు మన ఊరి నుంచి వచ్చి పడింది. నువ్వు చీర కట్టి, గంగ అని పిలిపించుకుంటున్నావట! సిగ్గు లేదురా? నలుగురిలో నా ఇజ్జత్ తీశావు. లడాయి ఆగగానే వీసా పంపుతాను. ఇక్కడికొచ్చి ఇనుప పైపులు మోస్తే ఆ ఆడంగి వేషాలన్నీ వదులుతాయి.

నీ బాపు,
రాజేశం

ఊరు, మే 1991

ప్రియమైన బాపూ,

వీసా అందింది. రాను. ఇది వేషం కాదు. వేషమైతే ఎప్పుడో విప్పేసేదాన్ని. ఊళ్లో రాళ్లు వేస్తున్నారు, నువ్వు దూరం నుంచి ఇంకొకటి వేశావు. అమ్మ ఒక్కతే "ఇంత తిని పో, గంగా" అంటుంది. నువ్వెంత అరిచినా నేను మారను.

నీ గంగ

జుబైల్, సెప్టెంబరు 1991

గంగారాం,

మా అన్న, అదే మీ పెద్దబాపు మల్లేశం, టెలిగ్రాం కొట్టాడు. 'సన్ ఎక్స్‌పైర్డ్' అని రెండే మాటలు. ఇక్కడ మాకు ఎక్స్‌పైర్ అయ్యేవి రెండే: ఉండనిచ్చే ఇకామా కార్డు, వీసా. కావాలనే వీసా మురగబెట్టావు కదూ, గాడిదా! వీసా ఇచ్చే అరబ్బు యజమాని, ఆ కఫీల్ ఇంటి ముందు ఎండలో నిలబడి, వాడి కాళ్లు పట్టుకొని మళ్లీ తీయించాను. ఈసారి రాకపోతే నా ముఖం చూడకు.

రాజేశం

ఊరు, అక్టోబరు 1991

బాపూ,

మనిషి ఎక్స్‌పైర్డ్ అంటే చచ్చిపోయాడని. పెద్దబాపు గడ్డిబొమ్మకు నీ కొడుకు అంగీ తొడిగి కాల్చాడు. "సచ్చినోనికి ఇంట్ల జాగ లేదు" అని నన్ను గెంటేశాడు. అమ్మ గిన్నెలో బువ్వ తెస్తే చెయ్యి విరుస్తానంటున్నాడు. పశువుల కొట్టంలో పడుకుంటున్నాను. ఊరంతా నా పేరున తలస్నానం చేసింది. బతికే ఉన్నాననుకొని తిట్టినవాడివి నువ్వొక్కడివే. ఇప్పుడు తెలిసింది కదా, నువ్వూ స్నానం చేస్తావా? చెప్పు.

గంగ

జుబైల్, నవంబరు 1991

గంగకు,

చెయ్యను. కోపం పోయిందనుకోకు. ఆ చీర తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ తిట్టినా కొట్టినా నేను, చంపడానికి వాడెవడు? అన్నకు రాశాను: "ఆ ఇల్లు నా చెమటతోని లేసింది. గంగను గడప కాడ ఆపినవో, నీకు నాకు సావుపుట్టుకల సంబంధం లేదు." తలుపు తోసుకొని లోపలికి పోవే.

వీసా వాపసు ఇచ్చేశాను. నీ కొడుకు ఏడని కఫీల్ నా మీద విరుచుకుపడ్డాడు. క్యాంపు అరబ్బీలోనే చెప్పాను: "వలద్ మాఫీ. బింత్ ఫీ." కొడుకు లేడు. బిడ్డ ఉంది.

నీ బాపు,
రాజేశం