వదిన పక్క అద్దం

1985 ఏప్రిల్, గురువారం

మొహం మీద తెల్లమచ్చలు వచ్చినప్పటి నుంచి వదిన బస్సెక్కడం మానేసింది. కారు అద్దాలకు నల్ల కాగితం అంటిస్తేనే కదిరి డాక్టరు దగ్గరికి వస్తానంది. సొంత అక్క మాట కాదనలేక మా ఈయన అంటించారు. అయిదు వారాలు తప్పకుండా వచ్చింది.

ఈరోజు కదిరి ముందర పోలీసులు ఆపారు. సంచిలో వరసగా పెట్టుకున్న కారు కాగితాలన్నీ ఇచ్చాను. హెడ్‌కానిస్టేబులు వాటిని చూడనే లేదు.

"లోపల ఎవరుండారో కనపడల్యా. ఈ నలుపు పీకేయల్ల."

"ఎంత నలుపుండొచ్చు సార్? యాడన్నా రాసిండారా?" అన్నారు ఈయన.

"నా కండ్లకు మనిషి కనపడల్ల. అంతే."

అద్దం దింపించాడు. వదిన కొంగు లాక్కునేలోపే చూశాడు. గొంతు తగ్గించి, "ఆస్పత్రికామ్మా? పోండి. వచ్చే వారం ఇట్లే వస్తే ఫైను రాస్తా" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఇల్లు చేరేదాకా వదిన మొహం మీది కొంగు తీయలేదు. ఇక వైద్యం ఆగిపోతుందనే నా బెంగ.

సాయంత్రం ఆమె సీటులో కూర్చుని, అద్దం మీది నల్ల కాగితాన్ని వేణ్నీళ్లతో తడిపి బ్లేడుతో గీకాను. చేతులు పడిపోయాయి. తలెత్తితే అద్దం అవతల, వీధిలో వదిన నిలబడి ఉంది. తల మీద కొంగు లేదు.

"ఈ మూల ఇంకా ఉండాది సూడు" అని వేలితో చూపించింది.