లావణ్య చెయ్యి చాపలే

సుజాతా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. పొద్దున నీ ఫోటోకు దండేసి, మన బిడ్డ లావణ్యను ఎల్బీనగర్ దవాఖానకు తీస్కపోయిన. కొత్త మిషనొచ్చిందట. వేలు మీది రక్తం ఒక్క చుక్క చిన్న పట్టీ మీద పెడితే, క్యాన్సర్ గుర్తులుంటే ముందుగాలనే చూపిస్తదట. నీ కడుపుబ్బితే గ్యాసనుకొని ఎంతకాలం గోలీలేసుకున్నవో నాకు యాదికుంది.

లావణ్య చెయ్యి చాపలే. "తెలిసినంక అమ్మ ఒక్కరోజన్న నవ్విందా నాయినా? నాకు తెల్వకుంటనే మంచిది" అన్నది.

సిస్టర్ సూది పట్టుకొని అట్లనే నిలబడ్డది. నా వేలిచ్చిన. నాకేం లేదన్నరు.

దిల్‌సుఖ్‌నగర్ దాకా బస్సుల వచ్చినం. దిగినంక బిడ్డ మెల్లగ అడిగింది, "ఇంట్ల గ్యాస్ గోలీ ఉందా నాయినా?"