ఈలపిట్ట లెక్క

పక్షి సంఘం సెక్రటరీ గారికి నమస్కారం.

మీరడిగిన, మావారు పిట్టల లెక్క రాసుకున్న నోటుపుస్తకం పంపుతున్నాను. అచ్చు వేసే ముందు ఒక్క మాట. చివరి రెండేళ్లలో ఆయన "ఈలపిట్ట, ఒకటి, విన్నాను" అని రాసిన చోటల్లా కొట్టేయండి. మా పెరటి వెనక రెల్లు నరికేసిన ఏడాదే ఆ పిట్ట వెళ్లిపోయింది. మంచం దిగలేని మనిషికి ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. రోజూ పొద్దున్నే బట్టలు ఆరేసే నెపంతో పెరట్లోకి వెళ్లి, నేనే ఈల వేసేదాన్ని. "ఏమేవ్, విన్నావా? వచ్చింది!" అని లోపలి నుంచి కేకేసేవారు. తడిచేతులతో వెళ్లి, "ఏదీ, నాకేం వినపడలేదే" అనేదాన్ని.

తప్పు లెక్క రాశాడని సొంత తమ్ముడితోనే ఏడాదిపాటు మాట్లాడని మనిషి ఆయన. ఆయన పేరు మీద నా అబద్ధం మిగలకూడదు.

నిన్న పుస్తకానికి అట్ట వేస్తూ చివరి పేజీ చూశాను. నాకు జలుబు చేసిన రోజుది. "ఈలపిట్టకు గొంతు బొంగురుపోయింది. మందు వేసుకోమందామంటే, నాకు తెలుసని తెలిసిపోతుంది" అని రాసి ఉంది.

ఆ ఒక్క పేజీ చింపి నా దగ్గర ఉంచుకున్నాను. సంఘంవారు మన్నించాలి.