కొక్కేనికి తగిలించిన స్వెటర్

ప్రియమైన వదినకు,

ఫోన్ చేస్తే ఇద్దరికీ ఏడుపు తప్ప మాట రావడం లేదు. అందుకే రాస్తున్నాను.

పోలీసులు పంపిన మూట అందింది. అందులో బూట్లు, కోటు, నేనల్లిన ఆకుపచ్చ స్వెటర్ ఉన్నాయి. రోడ్డు మీద మంచు తోసే తన బండి చెడిపోతే మీ తమ్ముడు నడిచి బయల్దేరి, దారిలోనే చలికి పోయాడట. మరి అంత చలిలో కోటూ స్వెటరూ విప్పి దారిలో ఎందుకు పడేశాడు వదినా?

నాకు తెలుసు. నా మీద అలిగితే స్వెటర్ విప్పి తలుపు కొక్కేనికి తగిలించి, వణుకుతూ కూర్చునేవాడు. నేను వెళ్లి తొడిగితేనే అలక తీరేది. ఆ రోజు పొద్దున ఫోన్లో "ఇంటికి రాకపోయినా ఫర్వాలేదు, పో" అన్నాను. దానికి జవాబే ఇది. ఆయన్ని నేనే పొట్టన పెట్టుకున్నాను.

మీ మరదలు

---

మా మరదలు పిల్లకు,

పిచ్చి రాతలు మానెయ్. వాడి అలక నాకు కొత్తా? చిన్నప్పుడు అన్నం వద్దని అలిగి, కాసేపటికే వంటింట్లో గిన్నెలు తడిమేవాడు. ప్రాణం మీదికి తెచ్చుకునే రకం కాదు. చలికి ఒంట్లో వేడి పుట్టాలని రెండు గుక్కలు వేసుంటాడు. ఒళ్లు తెలియక విప్పేసుంటాడు. నువ్వు ముందు కాస్త తిను.

నీ వదిన

---

వదినకు,

ఆయన తాగలేదని పోస్ట్‌మార్టం రిపోర్టులోనే ఉంది. నన్ను ఓదార్చడానికి ఆయన్ని తాగుబోతును చెయ్యకండి. ముద్ద దిగడం లేదు. బతకాలనీ లేదు.

మరదలు

---

నా తల్లికి,

నిన్న మా ఆసుపత్రిలో వాడి శవాన్ని పరీక్షించిన డాక్టరమ్మను పట్టుకుని అడిగాను. చలికి చచ్చిపోయేవాళ్లు చివరిదాకా వణుకుతూనే పోతారనుకుంటాం కదా. ఇన్నేళ్లు నర్సుగా చేసి నేనూ అలాగే అనుకున్నాను. కాదట. లోపలి వేడి పోకుండా ఒళ్లు రక్తాన్ని చర్మం దాకా రానివ్వదట. ఆఖరికి ఆ పట్టు సడలి రక్తమంతా ఒక్కసారి పైకి పొంగుతుందట. గడ్డకట్టుకుపోతున్న మనిషికి ఒళ్లు మండిపోతున్నట్టు ఉంటుందట. ఎండాకాలంలో చొక్కా విప్పినట్టు విప్పేస్తారట. అలాంటివాళ్లను ఆవిడ ఇదివరకూ చూసిందట.

వాడు నీ మీద అలగలేదే. వాడికి ఉక్కపోసింది, అంతే.

నీ వదిన

---

ప్రియమైన వదినకు,

మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. నమ్ముతున్నాను. నా తప్పు లేదని తెలిస్తే గుండె బరువు దిగుతుందనుకున్నాను, దిగలేదు. అలిగాడనుకున్నన్నాళ్లూ, చివరి క్షణంలో తిట్టుకుంటూనైనా నన్ను తలుచుకున్నాడనే ఆశ ఉండేది. ఇప్పుడు ఆ మంచులో నేనూ లేను, మా పోట్లాటా లేదు. ఉక్కపోసి విప్పాడు, ఒంటరిగా పోయాడు. నాకింకేం మిగిలింది వదినా?

పొద్దున స్వెటర్ తీసుకెళ్లి తలుపు కొక్కేనికి తగిలించాను. డాక్టరమ్మ చెప్పింది నిజమే. కానీ ఈ ఇంట్లో మాత్రం ఆయన నా మీద అలిగే ఉన్నాడు. మీరొచ్చినప్పుడు దాన్ని తియ్యకండి.

మీ మరదలు